ఒంటి చర్మము – అంగడి మందు

క్రిందటి వేసవిలో ఆళ్ళగడ్డ చెంతనున్న ఒక పల్లె నుండి నడివయసు రైతు ఒకరు భార్యను, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినారు. ఆయన నడుము చుట్టును, తొడల మీదను ఎఱ్ఱని వలయములు ఒకదానిలో నొకటి కలిసిపోయి, పటములో గీచిన దేశముల వలె కనిపించుచుండెను. దురద చేత ఆయనకు నెలల తరబడి నిద్ర లేదు. భార్యకు మెడ మీదను, పెద్దవానికి గజ్జలలోను అవే వలయములు అప్పుడే పుట్టుచుండెను.

"మొదట ఎంత ఉండినది?" అని అడిగితిని.

"రూపాయి బిళ్ళంత సార్, అంతే" అన్నారు ఆయన.

"మరి ఏమి పూసినారు?"

ఆయన జేబులో నుండి నలిగిపోయిన చిన్న ట్యూబు తీసి బల్ల మీద పెట్టినారు. "మందులంగడిలో ఇచ్చిరి సార్. పూసినాక రెండు దినాలకే దురద నిలిచిపాయ. మాన్పిస్తే మళ్ళా రెండింతలయ్యె. మళ్ళా పూస్తిమి. అట్లనే ఏడాదాయ."

ఈ సంభాషణ నాకు క్రొత్త కాదు. ఊరును, పేరును మార్చినచో వారమునకు పలుమార్లు ఇదే కథ వినుచుందును. రూపాయి బిళ్ళంత మచ్చ ఇల్లంతటికిని ప్రాకుటకు కారణము ఆ రైతు అశుభ్రత కాదు. ఆయన దరిద్రమును కాదు. కారణము ఆ ట్యూబు. నేడు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే: మన చర్మమునకు వచ్చు నిత్యబాధలలో చాల భాగమును నీరు, నూనె, నీడ, ఆరిన బట్ట అను నాలుగింటితో ఇంటివద్దనే రాకుండ చేసికొనవచ్చును. వచ్చిన తరువాత మాత్రము పేరు తెలియని మందును పూయరాదు. ఈ రెండు మాటలను కొంచెము వివరించెదను.

చర్మమనగా నేమి?

చర్మము మన శరీరములో మిక్కిలి పెద్దదగు అవయవము. ఎదిగిన మనిషి చర్మమును పఱచినచో ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల వఱకు వచ్చును. ఇది ఒట్టి కప్పు కాదు. లోపలి నీటిని బయటికి పోనీయక నిలుపుట, బయటి సూక్ష్మజీవులను లోనికి రానీయకుండుట, చెమట ద్వారమున ఒంటి వేడిని తగ్గించుట, స్పర్శను తెలుపుట, ఎండ నుండి డి విటమినును తయారుచేయుట, ఇవన్నియు దీని పనులే.

పై పొరను ఇటుకల గోడతో పోల్చవచ్చును. కణములు ఇటుకలు, వాని నడుమ నుండు క్రొవ్వు పదార్థము సున్నము. అడుగున పుట్టిన కణము పైకి వచ్చి పొట్టుగా రాలిపోవుటకు ఇంచుమించు ఒక నెల పట్టును. కావున చర్మమునకు చేసిన మేలు గాని, కీడు గాని రెండు దినములలో తేలునది కాదు. రెండు దినములలో అద్భుతము చూపు మందును చూచినప్పుడు సంతోషించుటకు ముందు సందేహింపవలెను.

ఆరోగ్యముగా నున్న చర్మము పై భాగము కొంచెము పులుపు గుణము కలిగియుండును. ఆ పులుపు సూక్ష్మజీవులను అదుపులో నుంచును. మనము వాడు సబ్బులలో పెక్కు క్షారగుణము గలవి. ఎక్కువగా రుద్దినచో ఆ పులుపును పోవును, ఇటుకల నడుమనున్న సున్నమును పోవును. అందుచేతనే అతిగా సబ్బు వాడిన చేతులు బరకబారి, పగిలి, మండును.

స్నానము, సబ్బు, నూనె

2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన మన నంద్యాల సీమలో, ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు కుందూ నది పరీవాహకమగు నల్లరేగడి నేలలు, నడుమ కాలువ క్రింది వరిమళ్ళు కలవు. వేసవిలో ఎండ మండిపోవును. ధనుర్మాసములో పొడి చలిగాలి వీచును. ఒకే చర్మము ఈ రెండింటికిని ఓర్చుకొనవలెను. అందుచేత ఒకే పద్ధతి ఏడాది పొడుగునను పనికిరాదు.

చలికాలమున పది నిమిషములకు మించని స్నానము చాలును. నీళ్ళు గోరువెచ్చగా నుండవలెను గాని పొగలు క్రక్కరాదు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదములకు, అనగా చెమటయు మురికియు చేరు చోట్లకు, ప్రతిదినము వాడవచ్చును. చేతులకు, కాళ్ళకు, వీపునకు నిత్యము సబ్బు అక్కఱలేదు. సబ్బు నురుగు రాని చౌడునీరు వాడు ఊళ్ళలోని వారు ఒంటి మీద సబ్బు మిగులకుండ మరింత శ్రద్ధగా కడుగుకొనవలెను. సున్నిపిండి మంచిదే, కాని దురద గల చర్మము మీదను, పసిబిడ్డల ఒంటి మీదను దానితో గట్టిగా రుద్దరాదు.

స్నానమైన పిదప తువాలుతో రాచక, అద్దుకొని, ఒంటిలో తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పలుచగా పూయవలెను. పెద్దలు తలంటు దినమున స్నానమునకు ముందు నూనె అంటుట మనకు అలవాటు. ఆ అలవాటు మంచిదే. అయితే సబ్బుతో ఆ నూనె చాల వఱకు పోవును గనుక, చర్మము పొడిబారు వారికి స్నానానంతరము పూయు నూనెయే ఎక్కువ మేలు చేయును. తడి మీద పూసిన నూనె ఆ తడిని లోపలనే నిలిపియుంచును. నూనె సరిపడనివారు తెల్లని వాజలైను వాడవచ్చును. పరిమళము కొఱకు హెచ్చు ధర పెట్టనవసరము లేదు. పరిమళద్రవ్యములే కొందఱికి పడవు.

మడమల పగుళ్ళకు రాత్రి పదిహేను నిమిషములు పాదములను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తుడిచి, వాజలైను దట్టముగా పూసి, నూలు మేజోళ్ళు తొడుగుకొని నిద్రించినచో వారము పది దినములలో మార్పు కనిపించును. పగుళ్ళను బ్లేడుతో చెక్కుట ప్రమాదకరము. చక్కెరవ్యాధి గలవారికి పాదములలో స్పర్శ తగ్గియుండుట కలదు. వారు ప్రతి రాత్రియు వేళ్ళ సందులను, అరికాళ్ళను దీపపు వెలుగున చూచుకొనవలెను. చిన్న పగులే పెద్ద పుండుకు ద్వారము కావచ్చును.

వేసవి సంగతి వేఱు. నంద్యాలలో ఎండ 45 డిగ్రీలను తాకిన వేసవులు అరుదు కావు. అప్పుడు చెమట గ్రంథుల ముఖములు మూసికొనిపోయి చెమటకాయలు పుట్టును. వాని మీద నూనె పూసినచో మూత మీద మూత పెట్టినట్లగును. రెండు పూటల చన్నీటి స్నానము, గాలి యాడు వదులైన నూలు బట్టలు, మధ్యాహ్నము నీడపట్టు, ఇవే దానికి మందు. దురద హెచ్చుగా నున్నచో కాలమైన్ లోషను పూయవచ్చును. పసిబిడ్డలకు మెడ మడతలలో పౌడరు ముద్దలు ముద్దలుగా చల్లుట మేలు కాదు. చెమటతో కలిసి అది ఒరిపిడిని పెంచును, గాలిలో లేచి శ్వాసలోనికిని పోవును.

పగలు 10 గంటల నుండి సాయంకాలము 4 గంటల వఱకు ఎండ తీవ్రముగా నుండును. పొలమునకు పోక తప్పని వారికి తలపాగా, పొడుగు చేతుల చొక్కా, గొడుగు, వీనికి మించిన రక్షణ లేదు. ముఖము మీద మంగు మచ్చలు గల స్త్రీలు ఎండలో పోవునప్పుడు కొంగును ముఖమునకు నీడగా కప్పుకొనవలెను. వీలున్నవారు ఎండ నాపెడి లేపనమును వైద్యుని సలహాతో వాడవచ్చును. నీడ లేక మంగునకు ఏ మందు వాడినను పారిన నీటికి గట్టు కట్టినట్లే.

తామర ఎందుకు మానుట లేదు?

ఇక మన రైతు విషయమునకు వత్తము. ఆయనకు వచ్చినది తామర. గుండ్రని వలయము, అంచున ఎఱుపు, పొట్టు, సన్నని పొక్కులు, నడుమ కొంత మానినట్లు కనిపించుట దీని లక్షణము. ఇది పురుగు కాదు. ఒక విధమగు బూజు. ఊరగాయ జాడీలో తడి తగిలిన చోట బూజు పట్టినట్లు, చెమట ఆరని చోట, అనగా నడుము, గజ్జలు, చంకలు, రొమ్ముల క్రింది భాగములందు, ఇది పట్టును. తువాలు, లుంగీ, లోబట్ట, పక్కబట్ట మూలమున ఒకరి నుండి మఱియొకరికి వ్యాపించును.

ఇరువది ముప్పది ఏండ్ల క్రిందట తామర రెండు మూడు వారములలో మానెడి చిన్న జబ్బు. ఇప్పుడు నెలలు పట్టుచున్నది, మానినది మరల వచ్చుచున్నది. దేశమంతటను ఇదే కథ. ఇందుకు కారణమగు బూజులో ఒక క్రొత్త జాతికి శాస్త్రజ్ఞులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టినారు. ఆ పేరులో మన దేశము పేరు చేరుట మనకు గర్వకారణము కాదు. తామరకు వాడుకలోనున్న టెర్బినఫిన్ అను మందుకు ఈ జాతిలో పెక్కు లొంగుట లేదు.

ఇందుకు తోడైనది అంగడి ట్యూబు. ఈ ట్యూబులలో తఱచుగా మూడు మందులు కలిసియుండును: బూజును చంపునది ఒకటి, సూక్ష్మజీవులను చంపునది ఒకటి, స్టెరాయిడ్ ఒకటి. స్టెరాయిడ్ అను మందు చెడ్డది కాదు. గజకర్ణము వంటి కొన్ని చర్మవ్యాధులకు, తగిన చోట, తగినంత బలము గలదానిని, తగినన్ని దినములు వాడినప్పుడు అది గొప్ప మందు. మేమును దానిని వ్రాయుచుందుము. కాని అది చేయు పని ఏమనగా, శరీరము శత్రువుతో చేయు పోరాటమును అణచివేయుట. దురదయు, ఎఱుపును ఆ పోరాటపు గుర్తులు. పోరాటము నిలిచినప్పుడు గుర్తులు మాయమగును. శత్రువు మాత్రము పోడు. కావలి కుక్క మొఱుగుచున్నదని దాని నోరు కట్టి నిద్రపోయిన ఇంటివాని కథ వంటిది ఇది. దొంగకు అంతకంటె కావలసినదేమి?

అటుల నెలల తరబడి పూసినచో, చర్మము కాగితము వలె పలుచబడును. తొడలలోను, చంకలలోను ఎఱ్ఱని చారలు పడును. అవి జన్మలో పూర్తిగా పోవు. ముఖము మీద పూసినచో ఎఱుపు, మొటిమలు, రోమములు మొలచుట కలుగును. చిన్నబిడ్డల శరీరము ఆ మందును త్వరగా పీల్చుకొనుట చేత ఎదుగుదలకు కూడ ఆటంకము కలుగవచ్చును.

ప్రభుత్వము ఈ సంగతిని గుర్తించి, 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని షెడ్యూలు హెచ్ లో చేర్చినది. చట్టము అంగడివానికి మాత్రమే కాదు, కొనువారికిని ఒక హెచ్చరిక. ఇంటిలో ట్యూబు ఉన్నచో దాని మీది చిన్న అక్షరములను చదువగలవారి చేత చదివించుడు. క్లోబెటసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్ అను పేర్లలో ఏది కనిపించినను అది స్టెరాయిడ్. వైద్యుడు మీకొఱకు వ్రాసినది కానిచో దానిని వాడకుడు. ఇదివఱకే చాల కాలముగా వాడుచున్నవారు ఒక్కసారిగా మాని బాధపడుటకంటె, ట్యూబును చేతబట్టుకొని వైద్యుని చూచుట మంచిది. ఏమి పూసినారో దాచవద్దు. మందు మార్చుటకు మాకు ఆ ట్యూబే మొదటి ఆధారము.

తామరకు మందు వైద్యుడు వ్రాయవలెను. అయితే సగము చికిత్స మీ ఇంటి దండెము మీదనే యున్నది. ఎవరి తువాలు వారిదిగా నుండవలెను. లోబట్టలను వేడినీళ్ళలో ఉతికి, తిరగవేసి, ఎండలో ఆరవేయవలెను; వీలున్నచో లోపలివైపు ఇస్త్రీ చేయవలెను. బిగుతైన జీన్సు ప్యాంట్లు మాని వదులైన నూలు బట్టలు తొడుగవలెను. చెమట పట్టిన బట్టను ఇల్లు చేరిన వెంటనే మార్చవలెను. మొలత్రాడు తడిసి ఆరక యుండినచో దాని క్రిందనే తామర దాగియుండును. చికిత్స నడుచునంత కాలము దానిని తీసివేయుట మంచిది. ఇంటిలో ఎందఱికి ఉన్నదో అందఱును ఒకే మాఱు మందు వాడవలెను. దురద నిలిచిన దినమున మందు మానక, వైద్యుడు చెప్పిన కడపటి దినము వఱకు వాడవలెను. వలయము మీద మంట పుట్టించు వెల్లుల్లి ముద్ద, జిల్లేడు పాలు, నల్లజీడి రసము పూయరాదు. వానిచేత చర్మము కాలి పుండ్లు పడినవారిని నేను చూచియున్నాను.

గజ్జి ఒక ఇంటి జబ్బు

తామరతో పొరపడునది గజ్జి. ఇది కంటికి సరిగా కనిపించని పురుగు చేత వచ్చును. రాత్రివేళ దురద హెచ్చుట, వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టు, గజ్జలందు పొక్కులు, ఇంటిలో ఇద్దఱు ముగ్గురకు ఒకే మాఱు దురద, ఇవి దీని గుర్తులు. హాస్టళ్ళలో చదువు పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చునప్పుడు దీనిని వెంట తెచ్చుట కలదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల పట్టికలో చేర్చినది. పట్టించుకొనక పోవుటయే దీని బలము.

వైద్యుడు పెర్మెత్రిన్ పూతమందు వ్రాసినచో, పొక్కులున్న చోట మాత్రమే పూయుట ప్రయోజనము లేని పని. మెడ నుండి అరికాళ్ళ వఱకు, గోళ్ళ సందులతో సహా, రాత్రి పూసి ఉదయము కడుగవలెను. దురద ఉన్నను లేకున్నను ఇంటివారందఱు ఆ రాత్రియే పూసికొనవలెను. వారము తరువాత మరల ఒకమాఱు పూయవలెను. శిశువులకు, గర్భవతులకు ఎటుల వాడవలెనో వైద్యుని అడుగవలెను. బట్టలను, పక్కబట్టలను వేడినీళ్ళలో ఉతకవలెను. ఉతుక వీలుకాని దుప్పట్లను మూటగట్టి మూడు నాలుగు దినములు ముట్టక యుంచినచో పురుగు తిండి లేక చచ్చును. మందు పూసిన తరువాతను రెండు మూడు వారములు కొంత దురద మిగిలియుండుట సహజము. అందుకు బెదరి మందును మరల మరల పూయరాదు.

పడని వస్తువులు

కొన్ని బాధలకు సూక్ష్మజీవులు కారణము కావు. తగిలిన వస్తువే కారణము. పొలము గట్ల మీద తెల్లని పూలతో పెరుగు వయ్యారిభామను మీరెఱుగుదురు. కాంగ్రెసు గడ్డి యనియు దీనిని పిలుతురు. ఇది మన దేశపు మొక్క కాదు. 1955–56 ప్రాంతమున పూనాలో కనిపించి దేశమంతట వ్యాపించినది. దీని పొడి గాలిలో వచ్చి తగులుట చేత కొందఱు రైతులకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదతో ఉబ్బి, నల్లబడి, తోలు వలె గట్టిపడును. ఎండ పడలేదనుకొని వారు మందులు మార్చుచుందురు. ఈ మొక్కను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసికొని, ముఖమునకు గుడ్డ కట్టుకొని పెఱికివేయవలెను. ఎండిన మొక్కలను కాల్చినచో పొగయు బాధించును.

తాపీపనివారికి సిమెంటులోని క్రోమియము పడక చేతులు పగులును. ఆళ్ళగడ్డ శిల్పుల చేతులకును, బేతంచెర్ల బండలు కోయు వారి చేతులకును రాతిపొడి తేమను పీల్చి చర్మమును బరకబార్చును. పని ముగియగానే నీళ్ళతో పొడిని కడిగి, తడి మీద నూనె పూయుట వారికి ఉలి, సుత్తి సర్దుకొనుట వంటి నిత్యకృత్యము కావలెను. చేతి మీద ఎంతో పని ఆధారపడియున్నవారు చేతిని కూడ పనిముట్టుగా కాపాడుకొనవలదా?

వరిమడిలో దినమంతయు నిలిచిన స్త్రీల కాలివేళ్ళ సందులు నాని, తెల్లబడి, చీలుట సాధారణము. ఇంటికి రాగానే కడిగి, సందులను పొడిగుడ్డతో ఒత్తి తుడుచుటయే దీనికి మొదటి మందు. ఇంటిపనిలో అంట్లు తోము పొడి, బట్టల సబ్బు పడని వారు పలుచని నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసికొనవచ్చును.

నుదుట అంటించు బొట్టుబిళ్ళ జిగురు కొందఱికి పడక అచ్చముగా బిళ్ళంత తెల్లమచ్చను తెచ్చును. రబ్బరు చెప్పుల పట్టీ తగిలిన చోటను ఇట్టి మచ్చలు రావచ్చును. జుట్టునకు వేయు నల్లరంగు మూలమున తల దురద, ముఖము వాపు వచ్చినవారు మరియొకమాఱు ఆ రంగును ముట్టరాదు. రెండవసారి బాధ మొదటిదానికంటె హెచ్చుగా నుండును.

తెల్లబడవలెనను కోరిక

పెండ్లి కుదిరిన పిల్లలను తల్లులు తీసికొనివచ్చి, "రెండు నెలల్లో రంగు రావల్ల సార్" అని అడుగుచుందురు. వారిపై నాకు కోపము లేదు. నలుపును లోపముగా ఎంచిన సంఘమునందు తల్లి భయపడుట వింత కాదు. అయినను నిజము చెప్పుట నా ధర్మము. రంగునిచ్చు కణముల సంఖ్య నల్లవారికిని తెల్లవారికిని ఇంచుమించు సమానమే. ఆ కణములు తయారుచేయు రంగు ఎంత, ఎటువంటిది అన్నదియే భేదము. ఆ రంగు ఎండ నుండి కాపాడు సహజమైన గొడుగు. మన ఎండలో దానిని పోగొట్టుకొన గోరుట గొడుగు పాఱవేసి నడువగోరుట వంటిదే.

వారము దినములలో తెలుపునిచ్చు ననెడి లేపనములలో తఱచుగా బలమైన స్టెరాయిడ్ గాని, హైడ్రోక్వినోను గాని, కొన్నింట పాదరసము గాని ఉండును. పాదరసము చర్మము ద్వారా లోనికి పోయి మూత్రపిండములను చెడగొట్టును. తెల్లబఱచు లేపనములు వాడిన తరువాత మూత్రపిండముల వ్యాధి వచ్చిన రోగులను ఇటీవలి సంవత్సరములలో కేరళ వైద్యులు గుర్తించి వెల్లడించినారు. చిరునామా లేని డబ్బాలో వచ్చినది, పదార్థముల పేర్లు వ్రాయనిది, స్నేహితురాలు తన డబ్బాలో నుండి తీసి ఇచ్చినది, ఏదియు ముఖమునకు పూయరాదు. ఆ పిల్ల పెండ్లినాటికి కోరుకొనవలసినది తెల్లని ముఖము కాదు, ఆరోగ్యమైన ముఖము. మొటిమలను గిల్లకుండుట, రెండు పూటల ముఖము కడుగుట, తలనూనె నుదుటి మీదికి జాఱకుండ చూచుకొనుట, తగిన నిద్ర, ఇవి రెండు నెలలలో చేయగలిగినంత ఏ లేపనమును చేయజాలదు.

స్పర్శ లేని మచ్చ

కడపటగా, అన్నిటికంటె ముఖ్యమైన మాట. దురద పెట్టు మచ్చ మనలను నిద్రపోనీయదు గనుక దానికి ఎటులనో వైద్యము చేయించుకొందుము. దురద లేని మచ్చను ఏండ్లపాటు మఱచిపోవుదుము. ప్రమాదమంతయు అందులోనే యున్నది.

తెల్లమచ్చలన్నియు ఒకటి కావు. పిల్లల బుగ్గల మీద పాలిపోయిన పొడలు తఱచుగా పొడిబారుట చేత వచ్చును. మెడ, వీపు మీద సన్నని పొట్టుతో వచ్చునది శోభి. పాలవలె తెల్లగా నుండి, స్పర్శ చెడక యుండునది బొల్లి. బొల్లి అంటువ్యాధి కాదు; పాపఫలమును కాదు; దానికి చికిత్సయు కలదు. అయితే చర్మపు రంగు కంటె కొంచెము పాలిపోయి గాని, ఎఱ్ఱబడి గాని, చెమటయు రోమములును తగ్గి, దూది కొస తగిలించినను తెలియని మచ్చ యున్నచో అది కుష్ఠు కావచ్చును.

ఈ పేరు వినగానే మాట తగ్గించి గుసగుసలాడుదురు. ఇక ఆ అవసరము లేదు. దీనికి కారణమగు సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు హాన్సెన్ కనుగొన్నాడు. మన తెలుగునాటనే, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్ అను వైద్యురాలు నెలకొల్పిన ఆసుపత్రిలో, మందు లేని ఆ కాలమున, చాల్‌మూగ్రా నూనెతో చికిత్స చేసెడివారు. ఫలితము అంతంత మాత్రమే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను సూచించినది మొదలు పరిస్థితి పూర్తిగా మారినది. నేడు వ్యాధి రకమును బట్టి 6 నెలలు గాని, 12 నెలలు గాని మందు మ్రింగినచో కుష్ఠు నయమగును. ఆ మందును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇత్తురు. మందు మొదలుపెట్టిన కొలది దినములలోనే రోగి నుండి ఇతరులకు సోకు భయము తొలగును. వేఱుపడి బ్రదుకవలసిన పని లేదు.

2005 డిసెంబరు నాటికి మన దేశములో పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ రోగులుండు స్థితి వచ్చినది. అంతటితో వ్యాధి పోయినదని చాలమంది అనుకొనుచున్నారు. పోలేదు. ఇప్పటికిని ఏటేటా లక్ష ప్రాంతమున క్రొత్త రోగులు మన దేశమున బయటపడుచున్నారు. సూక్ష్మజీవి లోన చేరిన తరువాత మచ్చ కనిపించుటకు సగటున అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది యేండ్లు కూడ పట్టవచ్చును. మచ్చనాడు వచ్చినవారికి ఏ అంగవైకల్యమును రాకుండ నయము చేయగలము. నరములు చెడి, వేళ్ళు వంగిన తరువాత వచ్చినవారికి వ్యాధిని పోగొట్టగలము గాని వంగిన వేళ్ళను పూర్వపు స్థితికి తెచ్చుట కష్టము. ఈ రెండు స్థితుల నడుమ నుండు దూరము తఱచుగా ఒక్కటే: సిగ్గు.

ఆ సిగ్గునకు చట్టము కూడ కొంత ఊతమిచ్చెడిది. కుష్ఠు ఉన్నదను కారణముచే విడాకులు కోరు అవకాశమును మన చట్టములు చాల కాలము ఉంచినవి. 2019లో పార్లమెంటు దానిని తొలగించినది. చట్టము మారినది, ఇక మన ఇండ్లు మారవలెను. ఏడాదికి రెండుమార్లు, పండుగ తలంటు వేళ, ఇంటివారు ఒకరి వీపు ఒకరు వెలుతురున చూచుకొనుడు. ఏ మచ్చయైనను కనిపించినచో కన్నులు మూయించి దూది కొసతో తాకి, తాకిన చోట వ్రేలు పెట్టి చూపుమనుడు. చూపలేకపోయినచో మఱునాడే ఆసుపత్రికి వెళ్ళుడు. పిల్లవాడైనను, ముసలివారైనను ఆలస్యము చేయకుడు.

ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. కూలిదినము పోగొట్టుకొని అంత దూరము వచ్చుట అందఱికిని సులభము కాదని నేనెఱుగుదును. అందుచేతనే అంగడి ట్యూబు మనవారికి దగ్గఱ చుట్టమైనది. కాని లెక్క వేసి చూడుడు. మన రైతు ఏడాదిలో ట్యూబులకు పెట్టిన సొమ్ము, పోయిన నిద్ర, ఇంటిల్లిపాదికిని వచ్చిన బాధ, వీనితో పోల్చినచో ఒక్క దినపు ప్రయాణము తేలికయే. మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును మొదట అడుగుడు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలయు ప్రారంభమైనది.

ఆ రైతు కుటుంబమునకు నలుగురకును ఒకే మాఱు చికిత్స మొదలుపెట్టితిమి. ట్యూబు మాన్పించిన తొలి రెండు వారములు దురద హెచ్చగునని ముందే చెప్పితిని, హెచ్చినది. ఆయన ఓర్చుకొన్నారు. మూడు నెలలకు వలయములు మానినవి. తొడల మీది చారలు మాత్రము మిగిలిపోయినవి. కడపటి మాఱు వచ్చినప్పుడు ఆయన భార్య నాతో అన్న మాట ఇది: "మా వీధిలో ఎవరికి మచ్చ లేచినా, ఏం పూస్తిరని ముందు నేనే అడుగుతుండా సార్."

ఆమె అడుగుచున్న ప్రశ్న ప్రతి ఇంటిలోను ఎవరో ఒకరు అడుగుట మొదలుపెట్టినచో, నా వద్దకు వచ్చువారి సంఖ్య సగమునకు తగ్గును. నాకు అంతకంటె కోరదగినది లేదు.